ఇంటికి చక్రములు, ఊరికి కాగితములు

మన ప్రాంతమున నొక స్త్రీని మీదే యూరని యడిగినచో నామె పుట్టినింటి యూరొకటి, మెట్టినింటి యూరొకటి చెప్పును. ఇంటికే చక్రములు తొడిగికొని తిరుగు గృహిణి యేమి చెప్పవలెను? ఈ ప్రశ్న వినుటకు హాస్యముగా నుండును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో మాత్ర మిది హాస్యము గాదు. దీనికి చట్టమున కొప్పు సమాధాన మీయలేనివారికి డ్రైవింగు లైసెన్సు లేదు, బండికి రిజిస్ట్రేషను లేదు, బీమా లేదు.

మా వారికి బడి సెలవు లుండుటచే 2024 సంవత్సరపు వేసవిలో మే మిరువురమును మా మరిదిని చూడ నమెరికా పోయితిమి. వారు ఆ యేటి మార్చిలోనే న్యూజెర్సీలోని యిల్లమ్మి, ఆర్వీ యను పెద్ద మోటారు బండిని కొని, దానిలో కాపురము పెట్టిరి. అందు పడకలు, పొయ్యి, నీళ్లతొట్టి, స్నానపు గది, తొమ్మిదేండ్ల పాప చదువుకొనుటకు మడతబల్ల, అన్నియు నున్నవి. మా మరిదిది కంప్యూటరుపై చేయు నుద్యోగము. ఎచ్చటనుండి చేసినను జరుగును. దంపతు లిరువురును గ్రీన్ కార్డు గలవారే గాని యింకను ఆ దేశపౌరులు కారు. ఏ రాష్ట్రమును తమదని చెప్పుకొనవలెనో తేల్చుకొనుటకే యా ప్రయాణము. మేము వారి వెంట నైదు వారములు తిరిగితిమి.

ఆ దేశమున 50 రాష్ట్రములు కలవు. దేశమంతయు మాది యన్న చెల్లదు. ఒక్క రాష్ట్రమునే స్వస్థానముగా చెప్పవలెను. లైసెన్సు, బీమా, వీలునామా, పిల్లల చదువు, ఇవన్నియు నా రాష్ట్రపు చట్టము ననుసరించును. చట్టము దృష్టిలో స్వస్థానమనగా నీ రాత్రి నిద్రించిన చోటు కాదు. ఎంత దూరము పోయినను తిరిగి వచ్చెదమను నుద్దేశము గల చోటు. మనము సంకల్పము చెప్పుకొనునపు డిప్పుడు నిలిచియున్న తావును పేర్కొందుము. వారి చట్టము మరలి పోదలచిన తావు నడుగును. ఆ యుద్దేశమును నోటిమాటగా నంగీకరింపరు. కాగితములతో చూపవలెను.

ఇట్లు తిరుగువారిలో పెక్కండ్రు దక్షిణ డకోటా, టెక్సాసు, ఫ్లోరిడా యను మూడింటిలో నొకదానిని కోరుదురు. ఈ మూడింటను జీతముపై రాష్ట్రపు ఆదాయపు పన్ను లేదు. ఉత్తరములు పుచ్చుకొని, బండి యెచ్చట నున్న నచ్చటికి పంపు సంస్థలును అందు చాల కలవు. రుసుము కట్టినవారికి వారొక వీధి చిరునామా నిత్తురు. అయితే పన్ను లేని రాష్ట్రమును పేర్కొన్నంత మాత్రమున నన్ని పన్నులును తప్పవు. వేరొక రాష్ట్రమున కూర్చుండి గడించిన జీతముపై నా రాష్ట్ర మడుగవచ్చును. విడిచి వచ్చిన రాష్ట్రమున లైసెన్సును, ఇంటిని, తక్కిన సంబంధములను అట్లే యుంచుకొన్నచో, నదియు మీరింకను మావారే యనవచ్చును.

ముందుగా దక్షిణ డకోటా చూచితిమి. మిస్సోరీ నది యా రాష్ట్రమును నడుమ చీల్చుచు పోవును. తూర్పున మొక్కజొన్న చేలు. పడమట గడ్డిబీళ్లు, వాని కావల నల్లకొండలు. ఆ కొండలలో 1927 మొదలు 1941 వరకు శ్రమించి నలుగు రధ్యక్షుల ముఖములను రష్‌మోర్ శిఖరమున చెక్కిరి. మేము పోయిన కాలమున నచ్చట నొక్క రాత్రి బస చేసిన రసీదును, ఉత్తరముల సంస్థ చిరునామాను చూపి, ప్రమాణపత్రము వ్రాసి యిచ్చిన సంచారులకు లైసెన్సు దొరకుచుండెను. మా మరిది మిక్కిలి సంతసించెను. తోడికోడలు మాత్ర మా రసీదును చేత పట్టుకొని, “అక్కయ్యా, ఒక్క రాత్రికే యిది మా యూరయినచో నాకే నమ్మకము కలుగుట లేదు. ఆఫీసువారు నమ్ముదురా?” అనెను.

ఆమె సందేహము వట్టిది కాదు. అచ్చట పుట్టినవారికి చిరునామా యొక సౌకర్యము. వలస వచ్చినవారికి దానితో పెద్ద చిక్కులు ముడిపడియున్నవి. నివాసము మారిన 10 దినములలో వలస కార్యాలయమునకు తెలుపవలెను. 18 ఏండ్లు నిండినవారు గ్రీన్ కార్డును సదా వెంట నుంచుకొనవలెను. దక్షిణపు సరిహద్దునకు చేరువ బాటలపై బండ్ల నాపి ప్రశ్నించు ఠాణా లున్నవి. పౌరసత్వమునకు సాధారణముగా కార్డు వచ్చిన 5 ఏండ్లకు దరఖాస్తు పెట్టుదురు. అందు ఆ యేండ్లలో నివసించిన చోట్లన్నియు వ్రాయవలెను. దరఖాస్తునకు ముందు 3 నెలలైన నా రాష్ట్రమున గాని, ఆ కార్యాలయపు పరిధిలో గాని నివసించి యుండవలెను. లైసెన్సునకు చాలిన రసీదు దీనికి చాలదు. ఇంకొక జాగ్రత్త కలదు. లైసెన్సు కార్యాలయమున ఓటరుగా చేరుదురా యని యడుగుట వాడుక. పౌరులు కానివారు తెలియక ఔనని సంతకము చేసినచో దేశమునుండి పంపివేయుదాక రావచ్చును.

మేము దారిలో నుండగనే యొక భయము కలిగినది. తోడికోడలు పోయిన కార్డునకు బదులు కార్డు కోరి యుండెను. వ్రేలిముద్రలకు రమ్మను నుత్తరమును, చిరునామా మారినదని వీరు పంపిన వార్తయు నొకదాని నొకటి దాటిపోయినవి. ఉత్తరము పాత యింటికి చేరినది. ఆ యిల్లు కొన్న యామె దయతలచి ఫోను చేసెను. గడువు నాలుగు దినములే! తోడికోడలు విమాన మెక్కి పోయివచ్చెను. తిరిగి వచ్చిన రాత్రి ఆమె, “ఇల్లు తిరుగుగాక. ఉత్తరము మాత్రము తిరుగరాదు” అనెను. మా మరిది బదులు పలుకలేదు.

అటుపిమ్మట టెక్సాసు పోయితిమి. హ్యూస్టను నగరమున కుత్తరమున దేవదారు జాతి చెట్ల యడవుల నడుమ లివింగ్‌స్టను అను చిన్న యూరు కలదు. జో పీటర్సను, కే పీటర్సను దంపతులు 1978లో స్థాపించిన ఎస్కేపీస్ అను సంచారుల సంఘమునకు ముఖ్యస్థాన మిదియే. వేలకొలది కుటుంబముల యుత్తరము లిచ్చటికే వచ్చును. మా మనస్సు నాకర్షించినది మరియొకటి. వయసు మళ్లి బండి నడుపలేనివారును, జబ్బుపడినవారును తమ బండ్లలోనే యుండి, భోజనము, దాదుల సాయము పొందుట కచ్చట నొక శాల యున్నది. చక్రములు నిలిచిన నాడు పోవుటకు తావుండవలెనని తలచినవారు కట్టిన యూరది.

వారు టెక్సాసునే యెంచుకొనిరి. డల్లాసు ప్రాంతమున తెలుగు కుటుంబములు విస్తారము. మా మరిదికి వేలువిడిచిన మేనమామ కొడుకు నచ్చటనే యున్నాడు. ఆ రాష్ట్రమున నింటివద్ద చదువు చెప్పుటకు రిజిస్ట్రేషను లేదు. చదువుట, వర్ణక్రమము, వ్యాకరణము, గణితము, సత్పౌరధర్మము నేర్పవలెనని మాత్రము నియమము. వ్యాకరణము పేరు విని మా వారు సంతసించిరి. బడి మొగ మెరుగక తండ్రివద్దనే కావ్యములు చదివిన మాకును ఊరట కలిగెను. ప్రతి శీతకాలమున నాలుగు నెల లొకే తావున బండిని నిలిపి, అద్దె రసీదులు దాచుటకు వారు నిశ్చయించిరి.

సోదరీమణులారా! మీ యాడుబిడ్డలో, చెల్లెండ్రో యా దేశమున నుందురు. వారికి మే మొక్క మాట చెప్పగోరుచున్నాము. పౌరసత్వపు దరఖాస్తును భార్య వేరుగా, భర్త వేరుగా పెట్టవలెను. నేనిచ్చట నివసించితినని ఎవరిది వారే చూపుకొనవలెను. మా తోడికోడలి పెట్టెలో వెదకినపుడు అద్దె, బీమా, బండి, బ్యాంకు, అన్ని కాగితములును మా మరిది పేరిటనే కనబడినవి. లివింగ్‌స్టనులో క్రొత్త చిరునామా తీసికొన్న దినమున నామె మొదట చేయించిన పని, ప్రతి కాగితముపై తన పేరును వ్రాయించుకొనుట.