నాన్న కారు

‘‘మేడమ్, ఇంజిన్ ఎన్నిసార్లయినా బాగుచేస్తా. ఈ తుప్పును మాత్రం నేనేం చేయలేను’’ అంటూ కాళ్ల కింది మ్యాటు ఎత్తి చూపించాడు మెకానిక్. కారు అడుగున అరచేయంత చిల్లు. అందులోంచి విజయవాడ ఆటోనగర్ నేల కనిపిస్తోంది!

మాది 2007 నాటి మారుతి 800. బడిపంతులుగా రిటైరయినప్పుడు చేతికొచ్చిన డబ్బులో కొంత తీసి నాన్న కొన్నారు. నేను డ్రైవింగ్ నేర్చుకుంది దానిమీదే. గేరు కీచుమన్న ప్రతిసారీ ‘క్లచ్ పూర్తిగా తొక్కమ్మా’ అనేవారే తప్ప ఏనాడూ విసుక్కోలేదు. అమ్మను ఆఖరిసారి ఆస్పత్రికి తీసుకెళ్లిందీ అందులోనే. అందుకే ఎవరైనా ‘ఇంకా ఆ డొక్కు కారేనా’ అంటే నాకు చుర్రుమనేది.

2022లో దానికి పదిహేనేళ్లు నిండాయి. అంతకుముందు 600 రూపాయలున్న రీ-రిజిస్ట్రేషన్ రుసుము ఆ ఏడాది ఏప్రిల్ నుంచే 5 వేలయింది. అయినా కట్టి, మరో అయిదేళ్లకు అనుమతి తెచ్చుకున్నాం. 2014 జనవరిలోనే ఆ మోడల్ తయారీ ఆగిపోయినా ఆటోనగర్‌లో విడిభాగాలకు కొదవలేదు. ఓసారి క్లచ్ ప్లేట్లు, ఓసారి రేడియేటర్, ఓసారి సైలెన్సర్... ‘ఇదొక్కటీ చేయిస్తే చాలు’ అనుకుంటూనే వచ్చాం.

కిందటి వానాకాలం తెనాలి నుంచి వస్తుంటే దుగ్గిరాల దాటాక ఆగిపోయింది. రాత్రి ఎనిమిదిన్నర. జోరువాన. పక్కన 76 ఏళ్ల నాన్న, వెనక ఆరేళ్ల పాప. లారీ వెళ్లిన ప్రతిసారీ కారంతా ఊగిపోయేది. ‘అమ్మా, మనల్ని గుద్దేస్తారా?’ అని పాప అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కారుది తప్పు కాదు, వయసుది.

మర్నాడు మెకానిక్ లెక్క చెప్పాడు. ఇంజిన్ పని, టింకరింగ్ కలిపి 42 వేలు. కారు అమ్మితే అంత రాదు. కానీ పోల్చాల్సింది దాంతో కాదనిపించింది. నాలుగు లక్షల అప్పుతో వాడిన కారు కొన్నా అయిదేళ్లపాటు నెలకు ఎనిమిది వేలకు పైనే వాయిదా. అంటే ఏడాదికి దాదాపు లక్ష. కాగితం మీద రిపేరే గెలిచింది!

ఆ కాగితంలో లేనివి రెండు. ఒకటి, తుప్పుపట్టిన అడుగు. రెండు, ఎయిర్‌బ్యాగ్. కొత్త కార్లలో డ్రైవర్‌కు అది తప్పనిసరి అయింది 2019 జులైలో. మా కారులో ఒక్కటీ లేదు. మతిలేని మమకారంతో పాపను అందులో కూర్చోబెడుతున్నానా? ఆ రాత్రి నిద్రపట్టలేదు.

నాన్నకెలా చెప్పాలన్నదే నా బెంగ. కాఫీ ఇస్తూ మెల్లగా మొదలుపెట్టాను. ఆయన గ్లాసు కిందపెట్టి, ‘‘ఆ సీట్లోంచి లేవాలంటే మోకాళ్లు సహకరించక ప్రాణం పోతోందమ్మా. నీకేమో ఆ కారంటే ప్రాణం. ఎలా చెప్పను?’’ అన్నారు.

ఆయన కోసమని నేను, నా కోసమని ఆయన... ఇద్దరం మోస్తూ వచ్చామన్నమాట ఇన్నాళ్లూ!

చివరికి సీటు కాస్త ఎత్తుగా ఉండి, ముందు రెండు ఎయిర్‌బ్యాగులున్న వాడిన కారు తీసుకున్నాం. పాతదాన్ని ఎవరికో ఇచ్చేయకుండా గుర్తింపు ఉన్న స్క్రాప్ కేంద్రానికే అప్పగించి, రిజిస్ట్రేషన్ రద్దు చేయించాం. లేకపోతే రేపు అది ఎక్కడ తిరిగినా పేరు నాన్నదే కదా!

కొత్తగా వచ్చిన కారులో మొదటిరోజు నాన్న ఇబ్బంది లేకుండా ఎక్కి కూర్చున్నారు. బెల్టు పెట్టుకున్నారు. నేను గేరు వేయబోతుంటే అన్నారు...

‘‘క్లచ్ పూర్తిగా తొక్కమ్మా!’’