శొంఠికీ ఆపరేషన్‌కీ మధ్య

అల్లమంటే తెలియదా, బెల్లంలా పుల్లగా ఉంటుంది అన్నాడట వెనకటికి ఒకడు. అల్లం మహిమ గురించి ఈమధ్య ఎవరు మాట్లాడినా నాకు ఈ సామెతే గుర్తుకొస్తోంది. జలుబుకి అల్లం, అజీర్తికి అల్లం, ఆడవాళ్ళ కడుపునొప్పికి అల్లం. వంటిల్లే వైద్యశాల, అమ్మమ్మలే డాక్టర్లు అని మహా గౌరవంగా రాస్తారు. ఆ గౌరవానికి పైసా ఖర్చు లేదు కదా!

మా అమ్మమ్మది కృష్ణా జిల్లాలో ఒక పల్లె. చదువు మూడో తరగతి. అల్లమూ శొంఠీ ఒకటే కదా అంటే ఒప్పుకునేది కాదు. పైత్యానికి భావన అల్లం చేసేది. సన్నగా తరిగిన ముక్కల్ని నిమ్మరసంలో, ఉప్పులో నానబెట్టి, ఎండబెట్టి సీసాకెత్తేది. తలనొప్పికి శొంఠి గంధం తీసి నుదుటికి పట్టు వేసేది. బాలింతలకి మొదటి ముద్దలో శొంఠిపొడి, నెయ్యి. అల్లం రసం తీస్తే వెంటనే తాగించేది కాదు. గిన్నెలో కాసేపు కదపకుండా ఉంచి, అడుక్కి దిగిన తెల్లటి మడ్డి వదిలేసి, పైన తేరుకున్న రసంలో తేనె కలిపి ఇచ్చేది. పచ్చి అల్లంలో ఘాటునిచ్చే జింజరాల్స్ ఎండినప్పుడు కొంతవరకూ షోగాల్స్‌గా మారతాయనీ, అవి ఇంకా ఘాటైనవనీ రసాయనశాస్త్రం చెబుతుంది. (షోగా అంటే జపాన్ భాషలో అల్లమేనట.) అమ్మమ్మకి ఆ పేర్లు తెలియవు గానీ, దేనికి ఏది వాడాలో తెలుసు.

ఇప్పుడు ఆలోచిస్తే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచేది ఆమె అడిగే ప్రశ్నలు. ముట్టునొప్పితో ముడుచుకు పడుకున్న పిల్లకి శొంఠి కషాయం ఇచ్చేముందు ఎన్నో రోజు, ఎన్ని బట్టలు మార్చావు, గడ్డలు పడుతున్నాయా, పోయిన నెలా ఇంతేనా అని ఆరా తీసేది. "మూడ్రోజులు చూద్దామే. నాలుగో రోజుకీ తగ్గకపోతే అది శొంఠికి లొంగేది కాదు" అనేది. చిట్కాగా అచ్చులోకి ఎక్కేసరికి ఈ ప్రశ్నలన్నీ రాలిపోతాయి. అరచెంచా పొడి, గ్లాసుడు నీళ్ళు మిగులుతాయి.

సాక్ష్యం కావాలనేవాళ్ళకి సాక్ష్యం కూడా ఉంది. గర్భం తొలినెలల్లో వచ్చే వికారానికి, ఆ స్త్రీ ఇష్టాన్నిబట్టి, వాడదగినవాటిలో అల్లాన్నీ చేర్చింది ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2016 మార్గదర్శకాల్లో. ఇరాన్‌లో 150 మంది విద్యార్థినులతో చేసిన ఒక అధ్యయనం 2009లో అచ్చయింది. ముట్టు మొదలైన దగ్గర్నుంచి మూడు రోజులపాటు, రోజుకి నాలుగుసార్లు 250 మిల్లీగ్రాముల అల్లం పొడి తీసుకున్నవాళ్ళకి మెఫెనమిక్ ఆసిడ్, ఐబుప్రొఫెన్ వేసుకున్నవాళ్ళతో సమానంగానే నొప్పి తగ్గింది. అమ్మమ్మ కూడా మూడు రోజులే అనేది. అయితే ఆ అధ్యయనంలోది వెనక ఏ జబ్బూ లేకుండా వచ్చే నొప్పి. గర్భసంచిలో గడ్డలున్నప్పుడో, ఎండోమెట్రియోసిస్ ఉన్నప్పుడో వచ్చే నొప్పి వేరు. ఏది ఏదో తేల్చాలంటే ఒక మనిషి కూర్చుని వినాలి, పరీక్ష చేయాలి. నా గొడవంతా ఆ మనిషి గురించే.

నా పరిశోధన పాత స్త్రీల పత్రికల మీద. స్త్రీల వ్యాధులకి 'లోధ్ర' అనే మందు తయారుచేసి పేరు పొందిన వైద్యులు డాక్టర్ కె.ఎన్. కేసరి, 1928లో మద్రాసు నుంచి 'గృహలక్ష్మి' పత్రిక ప్రారంభించారు. 1934లో కనుపర్తి వరలక్ష్మమ్మగారికి మొదటి స్వర్ణకంకణం ఇచ్చింది ఆ పత్రికే. స్త్రీల రచనలకి అంత చోటిచ్చిన పత్రిక వెనక స్త్రీల కడుపునొప్పికి అమ్మిన మందు ఉందని తెలిసినప్పుడు నవ్వూ వచ్చింది, మనసు చివుక్కుమనీ అంది. మందుకి పేరుంది, సీసా ఉంది, చేసినాయన పేరు చరిత్రలో ఉంది. శొంఠి నూరిన చేతులకి అవేమీ లేవు. మన శరీరాల గురించి మన భాషలో, మన వైపు నుంచి మాట్లాడిన 'సవాలక్ష సందేహాలు' లాంటి పుస్తకం హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసేదాకా ఇంకెన్ని దశాబ్దాలు ఆగాల్సి వచ్చిందో ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పక్కర్లేదు.

మా పెద్దమ్మ సంగతి చెప్పాలి. ఆమెకి ముప్ఫై రెండేళ్ళప్పుడు మొదలైంది. నెలకి పది పన్నెండు రోజులు రక్తస్రావం. అమ్మమ్మ తన నాలుగో రోజు మాట మీద నిలబడింది. "ఇది నా చేతిలోది కాదు, డాక్టరమ్మకి చూపించు నాయనా" అని అల్లుడికి చెప్పింది. ఊరి ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ లేదు. పట్నం వెళ్ళాలంటే కోతల కాలం. "అదే తగ్గుద్దిలే, మీ అమ్మ శొంఠి ఉందిగా" అన్నారు పెదనాన్న. ఆడవాళ్ళ తెలివిని ఏనాడూ లెక్కచేయని మగవాళ్ళకి, ఖర్చు తప్పుతుందంటే దానిమీద ఎంత నమ్మకమో! రెండేళ్ళు శొంఠి తాగింది పెద్దమ్మ. నాలుగడుగులు వేస్తే ఆయాసం. డబ్బాలో చెయ్యిపెట్టి పచ్చిబియ్యం బొక్కేది. ఒంట్లో రక్తం లేకపోతే అలా అనిపిస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. బియ్యం తింటే దరిద్రమని తిట్టేవాళ్ళు.

చివరికి పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే పావుగంటలో తేల్చేశారు. గర్భసంచి తీసెయ్యాలి, లేకపోతే క్యాన్సర్‌లోకి దిగుతుంది, పిల్లలు పుట్టేశారుగా ఇంకెందుకు అని. ముప్ఫై నాలుగేళ్ళకి పెద్దాపరేషన్ అయిపోయింది. అండాశయాలు కూడా తీసేశారన్న సంగతి మరో పదేళ్ళకి, వేరే నొప్పికి స్కానింగ్ చేయిస్తే బయటపడింది. అప్పుడు నేను ఎం.ఏ.లో ఉన్నాను. రిపోర్టు చదివిపెట్టమని నాకిచ్చింది. "అవేంటే? వాటితో పనేంటి?" అంది. ఆపరేషనైన నెలలోనే మొదలైన ఒంటి ఆవిర్లు, నిద్రలేని రాత్రులు, నలభై దాటగానే గుల్లబారిన ఎముకలు, ఒక్కొక్కదానికీ సంబంధం చెప్పుకుంటూ వచ్చాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్ళి పొయ్యి మీద పాలు దించింది. కేస్‌షీట్ కోసం నేను రెండుసార్లు ఆ ఆసుపత్రికి వెళ్ళాను. అంత పాత కాగితాలు ఉంచరట.

శొంఠికీ ఆపరేషన్‌కీ మధ్య చాలా ఉన్నాయి. హిమోగ్లోబిన్ పరీక్ష, థైరాయిడ్ పరీక్ష, స్కానింగ్, ఐరన్ మాత్రలు, రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ ఆసిడ్, హార్మోన్ ఉన్న లూప్. పెద్దమ్మ దాకా వీటిలో ఒక్కటీ రాలేదు. ఇది ఒక్క ఇంటి కథ అనుకోవడానికీ లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అనవసరపు ఆపరేషన్లు ఆపడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు తెచ్చింది. మూడు నెలల్లో వాటిని అమలుచేయమని రాష్ట్రాలకి 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

అందుకే 'అమ్మమ్మ వైద్యం' అని ఎవరైనా మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అమ్మమ్మ తన హద్దు తెలుసుకుని, ఇక పంపించండి అని చెప్పిన రోజున పంపించడానికి చోటు లేకుండా చేసినవాళ్ళే ఇవాళ ఆమె శొంఠిడబ్బాకి దండ వేస్తున్నారు.

పెద్దమ్మకి ఇప్పుడు అరవై దగ్గరపడుతోంది. వీధిలో ఆడపిల్లలు నొప్పి అంటే ఆమె దగ్గరికే వస్తారు. శొంఠి నూరి ఇస్తుంది, అమ్మమ్మ అడిగిన ప్రశ్నలన్నీ అడిగాకే. ఆపరేషన్ చెప్పారని వచ్చినవాళ్ళని మాత్రం కూర్చోబెట్టి ఇంకోటి అడుగుతుంది. "ఏమేం తీస్తారో కాగితం మీద రాయించుకున్నావా?"