నెత్తుటి చుక్క చెప్పే పాఠం

పార్వతీపురం మన్యం జిల్లాలో తూర్పు కనుమల నడుమ ఒదిగిన ఊరు గుమ్మలక్ష్మీపురం. చుట్టూ జాతాపు, సవర గూడేలు. అక్కడి విద్యార్థి విశ్వవిద్యాలయంలో మానవ శరీరధర్మశాస్త్రం చదువుతానంటే, “అది చదివితే డాక్టరువవుతావా?” అని ఇంటి పెద్దలు అడగడం సహజం. కాకపోవచ్చు. వైద్యుడు రోగాన్ని నయం చేస్తాడు. ఈ శాస్త్రం చదివినవాడు దేహం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ గాడి తప్పుతుందో గ్రహిస్తాడు. ఆ గ్రహింపు మన్యానికి ఎంత అవసరమో ఒక్క నెత్తుటి చుక్క చెబుతుంది.

ఆరోగ్యవంతుని ఎర్రరక్తకణం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. తనకంటె సన్నని నాళాల్లో సైతం దూరి ప్రాణవాయువును మోస్తుంది. సుమారు 120 రోజులు జీవిస్తుంది. సికిల్ సెల్ వ్యాధిలో ఆ కణం కొడవలిలా వంగి, బిరుసెక్కి, 10 నుంచి 20 రోజుల్లోనే నశిస్తుంది. నాళాలకు అడ్డుపడి ఎముకల్లో భరించరాని నొప్పి పుట్టిస్తుంది. ఇంత అనర్థానికీ మూలం హిమోగ్లోబిన్ గొలుసులో ఒక్క అమైనో ఆమ్లం మారడమే!

గిరిజన ప్రాంతాల్లో ఈ వ్యాధి ఎక్కువగా కనిపించడానికి కారణముంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే ఈ జన్యువు పొందినవారికి తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ లభిస్తుంది. మలేరియాకూ రక్తలోపాలకూ గల ఇటువంటి సంబంధాన్ని 1949లో జె.బి.ఎస్. హాల్డేన్ ఊహించగా, 1954లో ఆంథొనీ అలిసన్ ఆఫ్రికాలో సికిల్ సెల్ విషయంలో దానికి ఆధారాలు చూపారు. ఇంగ్లండులో పుట్టి భారత పౌరుడైన హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు ఆ దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థులకు పాఠమైంది.

ఒక్క జన్యువు మాత్రమే ఉన్నవారు సాధారణంగా రోగులు కారు. దంపతులిద్దరిలోనూ అది ఉంటే మాత్రం పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు వ్యాధి భయం ఉంటుంది. 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలని 2023లో జాతీయ కార్యక్రమం ఆరంభమైంది. రక్తపరీక్షకు సూది చాలు. పరీక్షాఫలితం అర్థం కావడానికి నమ్మకమైన మాట కావాలి. పెళ్ళి తప్పిపోతుందేమోనన్న భయంతో బిడ్డ నొప్పిని దాచే తల్లికి, ఇది శాపం కాదనీ, ఎవరి తప్పూ కాదనీ ఆమె భాషలోనే విడమరచి చెప్పగలిగేది ఆ గూడెంలో పుట్టి ఈ శాస్త్రం చదివిన బిడ్డే. పట్నంలో నేర్చిన చదువు మన్యానికి చేయగల మేలు ఇంతకంటె వేరే ఏముంటుంది?