మా నాయిన కారులో నూనె వేడి మీటరు

మేము దాదర్ తూర్పున నాయ్‌గావ్‌లో ఒక చాల్‌లో ఉంటాం. మా తాత పాలమూరు నుంచి పని కోసం ముంబయి వచ్చి, మొదట కామాఠీపురాలో ఉన్నాడు. తెలుగు కామాఠీ కూలీల వల్లే ఆ పేటకు ఆ పేరు వచ్చిందని మా సారు చెప్పారు. మా నాయిన టూరిస్టు కారు నడుపుతాడు. మా మామ కామాఠీపురాలో మెకానిక్. దీపావళి సెలవుల్లో మామ దగ్గర నేను ఒక పని నేర్చుకున్నాను. ఆ పనిలో నేను చేసిన తప్పు గురించే రాస్తున్నాను.

పోయిన ఏడు మే నెలలో నాయిన మహాబలేశ్వర్ కిరాయికి పోతే ఘాట్‌లో ఇంజిన్ పట్టేసింది. నీళ్ళ వేడి చూపే ముల్లు మాత్రం మధ్యలోనే ఉందట. ఎర్ర ఆయిల్ లైటు వెలిగేసరికి ఆలస్యమైపోయింది. ఆ రిపేరుకు అమ్మ కమ్మలు తాకట్టుకు పోయాయి. చెవుల రంధ్రాలు మూసుకుపోకుండా అమ్మ వేప పుల్లలు పెట్టుకుంది.

మామ నాకు వివరంగా చెప్పాడు. "నూనె బాగా కాగితే నీళ్ళలెక్క పల్చగైతది. బేరింగుల నడుమ నిలవదు. ఇనుము ఇనుము రాసుకుంటది. లైటు ఆఖర్ల వెలుగుతది, మీటరైతే ముందే చెప్తది." నూనె వేడి 90 నుంచి 110 డిగ్రీల దాకా ఉంటే మంచిదట. 130 దాటితే బండి ఆపాల్సిందేనట. వెనకటికి పద్మిని టాక్సీలు నడిపిన డ్రైవర్లు ఇంజిన్ చప్పుడు, వాసన చూసి వేడి ఎంతుందో చెప్పేవాళ్ళట. ఆ పద్మిని టాక్సీలు 2023 అక్టోబరుతో ముంబయి రోడ్ల మీద ఆగిపోయాయి.

ఆపెరా హౌస్ దగ్గర దుకాణాల్లో మీటరు, సెన్సారు, ఆయిల్ ఫిల్టర్ కింద పెట్టే అల్యూమినియం పళ్ళెం కొన్నాం. బిగించే ముందు మామ నాతో ఒక పరీక్ష చేయించాడు. సెన్సారును చాయ్ గిన్నెలో నీళ్ళలో పెట్టి మల్టీమీటరుతో కొలిచాను. మామూలుగా 400 ఓమ్‌ల పైన ఉన్న నిరోధం, నీళ్ళు మరిగేసరికి 38కి దిగింది. వేడి పెరిగితే దాని నిరోధం తగ్గుతుంది, దాన్ని బట్టే ముల్లు కదులుతుంది. భౌతికశాస్త్రం పుస్తకంలో చదివిన ఓమ్ మా పొయ్యి మీద కనబడినట్టయింది. అమ్మ మాత్రం "నా గిన్నె నాశనం చేసినవ్" అని తిట్టింది.

ఫిల్టరు విప్పి, పళ్ళెం పెట్టి, మళ్ళీ ఫిల్టరు బిగించాం. సెన్సారు మరకు టెఫ్లాన్ టేపు చుట్టే పని నాకిచ్చాడు. "ఒక చుట్టు చాలు, ముందరి మరలు ఖాళీగ వదులు" అని చెప్పి ఇంకో బండి దగ్గరికి పోయాడు. నూనె కారుతుందేమోనని భయపడి నేను ఆరు చుట్లు చుట్టాను.

మరునాడు నాయిన బోరివలి పోయి వచ్చాడు. ముల్లు 60 దాటలేదు. "నా కొడుకు బిగించిండు. ఇంజిన్ ఎంత సల్లగున్నదో సూడుండ్రి" అని చాల్‌లో అందరికీ చూపించాడు. నా ఛాతీ ఉప్పొంగింది.

రాత్రి పడుకున్నాక అనుమానం వచ్చింది. అంత ట్రాఫిక్‌లో, అంత ఎండలో 60 ఏమిటి? అప్పుడు టేపు గుర్తొచ్చింది. ఆ సెన్సారుకు ఒకే వైరు ఉంటుంది. రెండో దారి దాని ఒళ్ళే. కరెంటు మరల గుండా ఇంజిన్‌లోకి పోవాలి. నా టేపు ఆ దారికి అడ్డం పడింది. నిరోధం ఎక్కువైతే మీటరు నూనె చల్లగా ఉందనుకుంటుంది.

తెల్లారి అయిదింటికే నాయినకు మళ్ళీ మహాబలేశ్వర్ కిరాయి ఉంది. చెప్తే అందరి ముందు పరువు పోతుంది. చెప్పకపోతే నాయిన ఆ ముల్లును నమ్మి ఘాట్ ఎక్కుతాడు. పక్కనే అమ్మ నిద్రపోతోంది. చెవిలో వేప పుల్ల కనబడింది. లేచి నాయినను లేపాను.

అంతా విన్నాక నాయిన తిట్టలేదు. "మామకు ఫోన్ చెయ్" అన్నాడు అంతే. మామ లోకల్ పట్టుకుని వచ్చాడు. సెన్సారు ఒంటికీ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలిస్తే 80 ఓమ్‌లు! సున్నాకు దగ్గరగా ఉండాల్సింది. సెల్‌ఫోన్ వెలుతురులో సెన్సారు విప్పి, టేపు గీకి, ఈసారి ఒకటే చుట్టు చుట్టాను. చొక్కా నిండా నూనె అయింది. ఫైవ్ గార్డెన్స్ చుట్టూ అరగంట తిరిగేసరికి ముల్లు మెల్లగా 90కి వచ్చింది.

మరునాడు వాయి దాటాక పసర్ణీ ఘాట్‌లో ముల్లు 122కు పోయిందట. నాయిన కారు పక్కకు ఆపి, ఇంజిన్ ఊరికే తిరగనిచ్చి, గిరాకీలకు చాయ్ తాగించాడు. 100కు దిగినాక మళ్ళీ బయలుదేరాడు. పైకి చేరి ఫోన్ చేసి, "బిడ్డా, ముల్లు మంచిగ చెప్తున్నది" అన్నాడు.

మీటరు లేనప్పుడు మనం కనీసం భయంతో జాగ్రత్తగా ఉంటాం. తప్పు చూపే మీటరు ఆ భయాన్ని కూడా తీసేస్తుంది. ఆ రాత్రి నేను నోరు మూసుకుని ఉంటే నేనూ అలాంటి మీటరునే అయ్యేవాణ్ణి. అమ్మ కమ్మలు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. సంక్రాంతికల్లా విడిపిస్తానని నాయిన అంటున్నాడు.