సీసా మీద లేని నీళ్లు

పాత అనంతపురం జిల్లాలో ఏ ఊరి సంతకు వెళ్లినా ఉల్లిగడ్డల గోతాల పక్కన పట్ట పరిచి, రంగురంగుల సీసాలు పేర్చి అమ్మేవాళ్లు కనిపిస్తారు. తెల్ల ఫినాయిల్, నల్ల ఫినాయిల్, గిన్నెలు తోమే లిక్విడ్, బాత్రూమ్ యాసిడ్. పేరున్న కంపెనీ సరుకుతో పోలిస్తే చాలా చవక. ఒక సీసా చేతిలోకి తీసుకుని చూస్తే ముందువైపు నిమ్మకాయో గులాబీయో ఉంటుంది, దాని కింద మెరిసే నేల బొమ్మ, పెద్ద అక్షరాల్లో పేరు. వెనకవైపు చీమ తలంత ఇంగ్లీషు అక్షరాలు. అవసరాన్ని బట్టి నీళ్లు కలపాలని, వాడాక ధారాళంగా నీళ్లతో కడగాలని, కంట్లో పడితే ధారాళంగా నీళ్లు కొట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలని వాటి సారాంశం. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకు కూడా ఇందులో తెలిసేది కొంచెమే. అవసరం అంటే ఎంత? ఏ నీళ్లు? ధారాళం అంటే ఎన్ని బిందెలు? ఇలాంటి లేబుళ్ల మీద ఫిర్యాదు మామూలుగా భాష దగ్గరే ఆగిపోతుంది. భాష సంగతి నిజమే, దాని దగ్గరికీ వస్తాను. కానీ ఈ కరువు నేల మీద దానికంటే పెద్ద లోపం ఇంకొకటుంది. ఇల్లు శుభ్రం చేసే ఏ సరుకైనా సగం పని నీళ్లతోనే చేయించుకుంటుంది. ఆ నీళ్లు ఎలాంటివో, ఇంట్లో ఎన్ని ఉన్నాయో ఈ లేబుళ్లలో ఎక్కడా లెక్కలోకి రాలేదు.

అనంతపురంలో సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాగా దీన్ని చెప్పుకుంటారు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య రుతుపవనం ఇక్కడికి చేరేసరికి బలం తగ్గిపోతుంది. కాబట్టి ఇంటి వాడకానికి దిక్కు బోరే. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుని పైకి వస్తాయి. తాగే నీళ్లలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిదని, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చని 2012 నాటి భారత ప్రమాణం చెబుతోంది. ఆ హద్దు తాగే నీళ్లకు. గిన్నెలు తోమే నీళ్లకు ఎవరూ హద్దు పెట్టలేదు. 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం ఏడు వందలకు పైగా ఊళ్లకు నీళ్లు తెచ్చి ఎంతో మేలు చేసింది. అయినా చాలా ఇళ్లలో ఈనాటికీ రెండు రకాల నీళ్లు ఉంటాయి. తాగడానికి, వంటకు మంచినీళ్లు. బట్టలకు, గిన్నెలకు, బాత్రూముకు ఉప్పునీళ్లు. ఏ బిందె దేనికో చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఆ సంగతి తెలియనిది సీసా మీది లేబుల్‌కే.

ఉప్పునీళ్లలో సబ్బు రుద్దితే నురగ రాదు. సబ్బులోని కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి విరిగిన పాలలాంటి తెట్టు కడతాయి. ఆ తెట్టు బట్టకు, బకెట్ అంచుకు పట్టుకుంటుంది. డిటర్జెంట్ పొడి సబ్బు కంటే నయం, అయితే అందులో కాల్షియాన్ని పట్టి ఉంచే పదార్థం సరిపడా కలిపినప్పుడే. చవక పొడిలో ఆ పదార్థానికి బదులు సోడా, ఉప్పు ఎక్కువగా కలపడం మామూలు. సోడా నీళ్లలోని కాల్షియాన్ని సున్నంలా విరిచి బట్ట మీదే దించుతుంది. తెల్ల చొక్కా నాలుగు ఉతుకులకు బూడిద రంగుకు తిరగడానికి, తువ్వాలు అట్టలా బిగుసుకోవడానికి ఉతికేవాళ్ల నిర్లక్ష్యం కారణం కాదు. బకెట్‌కు ఒక చెంచా చాలని లేబుల్ చెబుతుంది. ఆ మాట మంచినీళ్లకు సరిపోతుంది. ఇక్కడ చెంచాతో నురగ రాక రెండు వేస్తారు, మూడు వేస్తారు. పొడి ఎక్కువైతే జాడించడానికి నీళ్లు ఎక్కువ కావాలి, ఆ నీళ్లే లేవు. ప్యాకెట్ మీద ధర తక్కువ కనిపించిన సరుకు ఇంటికొచ్చాక పొడిలోనూ నీళ్లలోనూ రెండుసార్లు ఖర్చు పెట్టిస్తుంది.

యాసిడ్ సంగతి ఇంకా తీవ్రమైనది. కుళాయి మూతి మీద, బకెట్ అడుగున, బాత్రూము గోడల మీద ఉప్పునీళ్లు తెల్లటి పొర కడతాయి. అది కాల్షియం కార్బొనేట్. చీపురుకు, బ్రష్‌కు లొంగదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే బుసబుస పొంగి క్షణాల్లో కరిగిపోతుంది. మిగతా ఊళ్లలో ఎప్పుడో ఒకసారి వాడే సీసా ఇక్కడ నెలనెలా కొనే సరుకు కావడానికి కారణం ఇదే. ఇప్పుడు ఆ బాత్రూము నేల చూడండి. చాలా ఇళ్లలో అది తాడిపత్రి బండ. జిల్లాలోనే తీసి, కోసి, నునుపు పట్టి ఎక్కడెక్కడికో పంపే ఆ బండ సున్నపురాయి, అంటే అదీ కాల్షియం కార్బొనేటే. మరకను కరిగించే యాసిడ్ బండను కూడా అదే వేగంతో కరిగిస్తుంది. మొదటిసారి మరక పోయి శుభ్రంగా కనిపిస్తుంది. దగ్గరగా వంగి చూస్తే నలుపు పోయి బూడిద రంగు మచ్చ, వేలితో రాస్తే గరుకు. గరుకైన చోట మురికి, ఉప్పు ఇంకా గట్టిగా పడతాయి, మళ్లీ యాసిడ్ కావాలి. గ్రానైట్‌కు ఈ బాధ లేదు. మొజాయిక్‌కు, పాలరాతికి, టైల్స్ మధ్య సిమెంటుకు ఉంది. మరి సీసా మీద 'అన్ని రకాల ఫ్లోర్లకు' అని రాస్తే దాన్ని గజిబిజి అని సరిపెట్టుకోలేం, అది అబద్ధం. 'తాడిపత్రి బండ మీద, కడప బండ మీద పోయకండి' అన్న ఒక్క వాక్యం ఎన్నో ఇళ్ల నేలలను కాపాడుతుంది.

మనుషుల సంగతి బండల కంటే ముందు రావలసింది. పేరున్న బాత్రూము క్లీనర్లలో ఈ ఆమ్లం పది శాతం దగ్గర ఉంటుంది. పరిశ్రమలకు అమ్మే ఆమ్లం ముప్పై శాతం పైనే. విడిగా అమ్మే సీసాలో ఎంత ఉందో చెప్పే అంకె చాలాసార్లు ఉండదు. అది తాగునీళ్ల ప్లాస్టిక్ సీసాలోకి మారితే లేబులే ఉండదు. దాహమేసిన పిల్లవాడికి అది నీళ్ల సీసా. ట్యాంకు కడగడానికి తెచ్చిన బ్లీచింగ్ పౌడరు పక్కనే ఉంటుంది. రెండూ కలిస్తే ఇంకా తెల్లగా వస్తుందనుకుని ఎవరైనా కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది ఈ వాయువునే. కిటికీ లేని చిన్న బాత్రూములో కొంచెం పుట్టినా ఊపిరి ఆడదు. ఇక కంట్లో చుక్క పడితే పావుగంటకు తగ్గకుండా ధారగా నీళ్లు పోయాలి. నాలుగు రోజులకోసారి కుళాయి వచ్చే వీధిలో ఆ ధార ఎక్కడిది? ఇక్కడి లేబుల్ మొట్టమొదట చెప్పవలసింది ఒకటే: రెండు బిందెల నీళ్లు పక్కన పెట్టుకున్నాకే మూత తీయండి.

చట్టం ఏమీ లేదని కాదు. 2011 నాటి ప్యాకేజీ సరుకుల తూనికలు కొలతల నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, సరుకు పేరు, పరిమాణం, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర, ఫిర్యాదుకు వివరాలు ముద్రించాలి. అవి హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలు. అదనంగా వేరే భాష వాడుకోవచ్చు, తప్పనిసరి కాదు. ఎన్ని నీళ్లు కలపాలి, దేనితో కలపకూడదు అన్నవి ఈ జాబితాలోనే లేవు. యాసిడ్ దాడుల కేసులో సుప్రీంకోర్టు 2013 జూలై 18న విడి అమ్మకాలకు గుర్తింపు కార్డు, రిజిస్టరు తప్పనిసరి చేసింది. ఆ ఆదేశం ఎవరు కొంటున్నారో చూస్తుంది. కొన్నాక ఎలా వాడాలో దాని పని కాదు. ఇదే జిల్లా రైతు శెనక్కాయకు కొట్టే పురుగుమందు డబ్బా మాత్రం వేరుగా ఉంటుంది. 1971 నాటి పురుగుమందుల నిబంధనలు లేబుల్ మీద, లోపలి కాగితం మీద ప్రాంతీయ భాష ఉండాలన్నాయి. డైమండు గుర్తులో రంగు పెట్టాలన్నాయి. ఎరుపంటే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. అక్షరం రాని రైతు కూడా ఎర్ర డైమండును గుర్తుపట్టగలడు. పొలానికి పనికొచ్చిన ఈ పద్ధతి బాత్రూము గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోవాలి? యూరప్‌లో ప్రమాదకరమైన ఇంటి సరుకు ఏ దేశంలో అమ్మితే ఆ దేశపు అధికార భాషలో హెచ్చరిక ఉండాలని 2008 నుంచీ చట్టముంది. తెలుగు మాట్లాడేవాళ్లు అక్కడి చాలా దేశాల జనాభా కంటే ఎక్కువ.

లేబుల్ ఎవరు చదువుతారన్నది పెద్ద ఆక్షేపణ. 2011 జనాభా లెక్కల్లో ఈ జిల్లాలో ఏడేళ్లు దాటినవారిలో మూడింట ఒక వంతుకు పైగా చదవడం రాయడం రానివారే. కానీ ఆ లెక్క ఇంకోలా కూడా చెబుతుంది: చాలా ఇళ్లలో చదవగలిగేవాళ్లు ఒకరైనా ఉంటారు, మామూలుగా బడికి వెళ్లే పిల్ల. ఆ పిల్ల అవ్వకు చదివి వినిపించగలిగేది తెలుగే. చదవనివాళ్లకు రంగు గుర్తు, బొమ్మ ఉండనే ఉన్నాయి. అసలు ఎవరూ చదవరనుకుంటే ముందువైపు నిమ్మకాయ బొమ్మకు అంత ఖర్చు ఎందుకు పెడతారు?

వెనకటివాళ్లకు ఏ లేబులూ లేదు కదా అనేవాళ్లూ ఉన్నారు. బూడిద, చింతపండు, కుంకుడుకాయ, చాకళ్లు వాడిన చౌడు మట్టి, వీటితో ఇళ్లు శుభ్రంగానే ఉండేవి. నిజం. కుంకుడు నురగ ఉప్పునీళ్లలోనూ అంతగా విరగదు. బూడిదతో తోమిన గిన్నెలు కడిగిన నీళ్లు అరటి మొక్కకు పోయేవి, బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్టిలోకి పోయేవి. నీటి చుక్క రెండు మూడు పనులు చేసేది. ఆ వస్తువులకు లేబుల్ అక్కరలేకపోవడానికి కారణం వాటి గుణం తల్లి నుంచి బిడ్డకు అందడమే. నిన్న సంతలో కొన్న నీలం ద్రవం గుణం ఏ అమ్మకూ తెలియదు. ఆ నీళ్లు మొక్కకు పోయవచ్చా, గేదె ముందు పెట్టవచ్చా అన్న ప్రశ్నకు జవాబు తయారుచేసినవాడి దగ్గరే ఉంది. నీళ్లను మళ్లీ వాడుకోక తప్పని ఊళ్లో ఆ జవాబు దాచడం అన్యాయం.

నాకు బరువుగా తోచే ఆక్షేపణ మాత్రం చిన్న తయారీదారులది. ఈ సీసాల్లో కొన్ని డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు ఇంట్లో కలిపి అమ్మేవి. చిక్కటి ద్రవం కొనుక్కొచ్చి నీళ్లు కలిపి, సీసాల్లో నింపి, ఆ మిగులుతో బ్యాంకు కంతు కట్టుకుంటారు. కొత్త నిబంధన పేరుతో ఇన్‌స్పెక్టరు పెద్ద ఫ్యాక్టరీని వదిలి వీళ్ల మీద పడితే మేలు కంటే కీడే జరుగుతుంది. అందుకే ప్రయోగశాల పరీక్షల భారం వీళ్ల మీద పెట్టమని నేను అడగను. చిక్కటి ద్రవం అమ్మే పెద్ద వ్యాపారే అందులో ఏముందో, దేనితో కలపకూడదో తెలుగులో రాసిచ్చి తీరాలి. వీళ్లు దాన్ని తమ సీసా మీద అచ్చు వేసుకుంటే చాలు. ఎలాగూ ముద్రిస్తున్న కాగితం మీద నాలుగు వాక్యాలు పెరిగితే ధర పెరగదు. పైగా ఈ పనిలో పెద్ద కంపెనీకి లేని తెలివిడి వీళ్లకుంది. తమ వీధి బోరు నీళ్లలో ఫినాయిల్ ఎంత పోస్తే పాలలా తిరుగుతుందో, ఎంత పోస్తే విరిగి తేలుతుందో వీళ్లు రోజూ కళ్లతో చూస్తారు. బకెట్ మంచినీళ్లకు ఇన్ని మూతలు, ఉప్పునీళ్లకు ఇన్ని, ఈ నీళ్లు మొక్కలకు వద్దు, గొడ్లకు వద్దు, యాసిడ్‌తో కలపొద్దు అని సీసా మీద మొదట రాయగలిగినవాళ్లు వీళ్లే.