నాన్న హెడ్‌ఫోన్స్

మా ఇంట్లో ల్యాప్‌టాప్ ఒకటే, కాపురాలు రెండు. పగలు నాన్న విండోస్, రాత్రి నా ఉబుంటు. నాన్న డీటీపీ రోజుల్లో పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో చేసిన పుస్తకాలన్నీ అందులో ఉన్నాయి. విండోస్ తీసేస్తే అవి తెరుచుకోవు. అందుకే రెండూ.

గడియారం గొడవ మొదటి వారమే బయటపడింది. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ యుటిసి టైం రాసిపెడుతుంది, విండోస్ దాన్నే మన టైం అనుకుంటుంది. పొద్దున తొమ్మిదింటికి తెరిస్తే మూడున్నర. "నీకింకా తెల్లారలేదా?" అని నాన్న నవ్వేవాడు. ఒక్క కమాండ్‌తో సరిచేశాను. ప్రింటరైతే ఉబుంటులో డ్రైవర్ కూడా అడగలేదు, విండోస్‌లోనే బతిమాలాల్సి వచ్చింది.

హెడ్‌ఫోన్స్ సంగతే నాకెవరూ చెప్పలేదు.

నాన్నకి రెండేళ్ళుగా వినికిడి తగ్గింది. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఘంటసాల పాటలు వింటాడు. ఓ ఆదివారం అమ్మ వంటింట్లో గొంతు తగ్గించి, "మీ నాన్న చెవులు పూర్తిగా పోయాయంటున్నారే. నీకు చెప్పొద్దన్నారు" అంది. హాల్లోకి వెళ్ళి చూస్తే, హెడ్‌ఫోన్స్ ఆయన తలమీదే ఉన్నాయి. పాటేమో ల్యాప్‌టాప్ స్పీకర్లలోంచి వీధి దాకా వినబడుతోంది. వినబడనిది ఆయనకొక్కడికే.

తప్పు నాది. రాత్రిళ్ళు అవే హెడ్‌ఫోన్స్‌ని ఉబుంటులో పెయిర్ చేసుకుంటున్నాను. పెయిర్ చేసిన ప్రతిసారీ రెండు పరికరాలూ ఒక రహస్య తాళంచెవి పంచుకుంటాయి. హెడ్‌ఫోన్స్ కంప్యూటర్‌ని గుర్తుపట్టేది బ్లూటూత్ చిప్ అడ్రస్‌తో. అది రెండు ఓఎస్‌లకీ ఒకటే. నా కొత్త తాళంచెవి రాగానే నాన్నది చెరిగిపోతుంది. విండోస్ మాత్రం ఏమీ ఎరగనట్టు 'పెయిర్డ్' అనే చూపిస్తుంది. నాన్న దాని మాట నమ్మి తన చెవుల్ని అనుమానించాడు.

ఆ రాత్రి విండోస్‌లో మళ్ళీ పెయిర్ చేసి, రిజిస్ట్రీలోంచి ఆ తాళంచెవి బయటికి తీశాను. మామూలు అడ్మిన్‌కి కూడా చూపించదది. ముప్పైరెండు అంకెలూ అక్షరాలూ కాగితం మీద రాసుకుని, ఉబుంటు బ్లూటూత్ ఫోల్డర్లోని 'ఇన్ఫో' ఫైల్లో నా తాళంచెవి తీసేసి అవి టైప్ చేశాను. ఒక అక్షరం తప్పి రెండుసార్లు మొరాయించింది.

పొద్దున పాట మొదలవగానే నాన్న ఉలిక్కిపడి సౌండ్ తగ్గించాడు. తర్వాత నావైపు చూసి, "మరి ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళక్కర్లేదుగా?" అన్నాడు. అపాయింట్‌మెంట్ ఎప్పుడు తీసుకున్నాడో కూడా నాకు తెలీదు. గురువారమట. నేనూ వస్తానన్నాను.