నాన్న చెప్పని మాత్ర

పోయినేడాది సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు మొదటిసారి గమనించాను. రాత్రి పన్నెండింటికి ఓసారి, రెండింటికి ఓసారి, నాలుగింటికి మరోసారి బాత్‌రూమ్ లైటు వెలుగుతోంది. పొద్దున్నే అడిగాను, "నిద్ర పట్టడం లేదా నాన్నా?" అని.

"వయసమ్మా. నిన్న నీళ్లెక్కువ తాగాన్లే" అన్నాడు. అమ్మ ఏమీ మాట్లాడకుండా దోసె తిప్పుతూ ఉండిపోయింది.

నాన్నకి 66 ఏళ్లు. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. ఒంట్లో బాగోలేదని ఆయన నోటితో చెప్పగా నేనెప్పుడూ వినలేదు. అందుకే మనలో చాలామంది చేసే పనే నేనూ చేశాను. ఫోన్ తీసి, ఆఫర్‌లో ఉన్న ఫుల్ బాడీ చెకప్ బుక్ చేశాను. మర్నాడు ల్యాబ్ అబ్బాయి ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్లాడు. సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్ట్.

షుగర్ కాస్త ఎక్కువ. మిగతావన్నీ పచ్చరంగే. చివరి పేజీలో పీఎస్ఏ అని ఒక లైన్. మిల్లీలీటరుకు 3.4 నానోగ్రాములు, పక్కనే '4 లోపు ఉంటే నార్మల్' అని ఉంది. అదేంటో గూగుల్ చేస్తే ప్రొస్టేట్ గ్రంథికి సంబంధించిన పరీక్ష అని వచ్చింది. నార్మలే కదా అనుకున్నాను. 'అన్నీ బాగున్నాయి నాన్నా' అని మెసేజ్ పెడితే రెండు దండాలు పంపించాడు. హాయిగా హైదరాబాద్ వచ్చేశాను.

కానీ అమ్మ ఫోన్లు ఆగలేదు. "రాత్రిళ్లు లేస్తూనే ఉన్నారే" అనేది. ఫిబ్రవరిలో సెలవు పెట్టి, నాన్నని గుంటూరులో యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టర్ గారు రిపోర్ట్ చూసి, "మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగారు.

"బీపీకి ఒకటండీ. అంతే."

"మూత్రం సమస్యకి?"

నాన్న పైన తిరుగుతున్న ఫ్యాన్ వంక చూశాడు. తర్వాత చొక్కా జేబులోంచి, పేపర్ ముక్కలో మడిచిపెట్టిన మాత్రల షీటు తీశాడు. ఎప్పుడో ఊళ్లో ఒక డాక్టర్ రాసిచ్చారట. రెండేళ్లుగా మెడికల్ షాపులో కొనుక్కుని వాడుతున్నాడు. ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మకి కూడా!

ఆ మాత్ర పేరు ఫినాస్టెరైడ్. వయసుతో పెరిగే ప్రొస్టేట్‌ని తగ్గించడానికి ఇస్తారు. అయితే అది కొన్ని నెలలు వాడేసరికి రక్తంలో పీఎస్ఏని కూడా దాదాపు సగానికి దించేస్తుందట. "ఇది వాడేవాళ్ల నంబరుని మేం రెండింతలు చేసి చూస్తాం" అన్నారు డాక్టర్ గారు.

3.4కి రెండింతలు 6.8. నేను 'అన్నీ బాగున్నాయి' అని పంపిన మెసేజ్ గుర్తొచ్చి అరచేతులు చల్లబడ్డాయి.

"కంగారుపడకండి, నంబరు పెరిగినంత మాత్రాన క్యాన్సర్ కాదు" అని ఆయన ఓపిగ్గా చెప్పారు. పీఎస్ఏ ప్రొస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రొటీన్. అందులో కొంచెం రక్తంలోకి వస్తుంది. గ్రంథి ఉబ్బినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. పరీక్షకి ముందు ఎక్కువ దూరం సైకిల్ తొక్కినా, ఒకట్రెండు రోజుల్లో భార్యాభర్తలు కలిసినా పెరగొచ్చు. ఆ మాటకి నాన్న మళ్లీ ఫ్యాన్ వంక, నేను ఫోన్ వంక చూసుకున్నాం. 4 అనేది గీసిన గోడేం కాదు. దాని కింద క్యాన్సర్ ఉండొచ్చు, పైన లేకపోవచ్చు. అందుకే ఒక్క నంబరు చూసి నిర్ణయించరు.

తిరుగు ప్రయాణంలో అడిగాను, "ఎందుకు చెప్పలేదు?" అని.

"ఆడపిల్లవి. నీకేం చెప్తానమ్మా ఇలాంటివి?"

"బస్సులో చిన్న శబ్దం వచ్చినా మెకానిక్‌కి చెప్పకుండా డిపోలోంచి కదిలేవాడివి కాదుగా నాన్నా?"

చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. "అది జనం ఎక్కే బండి కదా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

కొన్ని వారాలాగి మళ్లీ పరీక్ష చేయిస్తే 3.6. ఎంఆర్ఐలో అనుమానంగా ఒక మచ్చ కనిపించింది. బయాప్సీ చేశారు. క్యాన్సరే. కానీ అన్నిటికన్నా తక్కువ తీవ్రత ఉన్న రకం. "ఇప్పుడే ఆపరేషన్ వద్దు. కనిపెట్టుకుని ఉందాం. ఆర్నెల్లకోసారి పీఎస్ఏ, అవసరమైనప్పుడు ఎంఆర్ఐ, బయాప్సీ" అన్నారు డాక్టర్ గారు.

"క్యాన్సర్ అంటారు, వైద్యం వద్దంటారు! ఇదెక్కడి చోద్యం?" అంది అమ్మ. నిజానికి నాకూ అలాగే అనిపించింది. రాత్రంతా కూర్చుని చదివాను. బ్రిటన్‌లో 1,643 మందిని మూడు గుంపులు చేసి, ఒకరికి ఆపరేషన్, ఒకరికి రేడియేషన్, ఒకరికి ఇలా కనిపెట్టుకుని ఉండటం నిర్ణయించారు. 15 ఏళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ఏ గుంపు చూసినా నూటికి దాదాపు 97 మంది ఈ క్యాన్సర్‌తో చనిపోలేదు. ఆపరేషన్ అయినవాళ్లకి మూత్రం కారడం, దాంపత్య సమస్యలు ఎక్కువ. అలాగని ఊరికే కూర్చోవడమూ కాదు. ఒంట్లో వేరేచోటికి పాకడం మాత్రం కనిపెట్టుకుని ఉన్న గుంపులోనే ఎక్కువ కనిపించింది. అంటే తేదీ తప్పకూడదన్నమాట.

ఈ పరీక్ష అందరికీ చేయాలా వద్దా అని డాక్టర్లే ఏళ్ల తరబడి వాదించుకున్నారు. అక్కర్లేని ఆపరేషన్లు జరుగుతున్నాయని అమెరికా నిపుణుల బృందం 2012లో ఎవరికీ వద్దంది. 2018లో మాట మార్చుకుని, 55 నుంచి 69 ఏళ్లవాళ్లు డాక్టర్‌తో లాభనష్టాలు మాట్లాడుకుని నిర్ణయించుకోమంది. నాకు అందులో నచ్చింది ఆ 'మాట్లాడుకుని' అన్న ముక్కే. నాన్నకి ఉంది కాబట్టి మా తమ్ముడిని కూడా నలభై దాటాక డాక్టర్‌ని అడగమన్నారు.

ప్యాకేజీ బుక్ చేయడం మనకి రెండు నిమిషాల పని. మీరూ చేయండి, తప్పులేదు. కానీ దానికి ముందు నాన్న పక్కన కూర్చుని, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నాడో, జేబులో ఏం మాత్ర ఉందో అడగండి. మొదటిసారి చెప్పడు. రెండోసారీ చెప్పకపోవచ్చు.

ఇప్పుడు నాన్న పాత డైరీలో ఒక పేజీ దీనికే కేటాయించాడు. తేదీ, నంబరు, వాడుతున్న మాత్ర, మధ్యలో జ్వరం వచ్చిందా... అన్నీ డ్యూటీ చార్టులా గీతలు కొట్టి రాస్తున్నాడు. మొన్న తనే ఫోన్ చేశాడు.

"అమ్మా, రక్తం ఇచ్చేశా. మాత్ర సంగతి ల్యాబ్ అబ్బాయికి చెప్పి రాయించా."

"మంచిది నాన్నా."

కాసేపు మౌనం. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు, "నిన్న రాత్రి ఒక్కసారే లేచాను తల్లీ."